అవార్డు రాకముందే కట్టిన ఫ్లెక్సు

మా పాత షాపుకు వెళ్తే గోడ మీద ఒక తెల్లబోర్డు ఖాళీగా వేలాడుతూ కనిపిస్తుంది. దాని మీద ఏమీ రాయరెందుకని కొత్తగా పనిలో చేరిన పిల్లలు ఓనరును అడిగితే, ఆయన నా ఫోన్ నంబరు ఇచ్చి ఊరుకుంటాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదని ముందే చెప్తున్నా, గొప్పలు వినాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు.

హోసూరులో ఆ ఫ్లెక్సు షాపులో ఇరవై రెండేళ్ళు డిజైనరుగా పనిచేశాను. అంతకుముందు గోడల మీద అక్షరాలు రాసేవాణ్ణి. కుంచె పోయి మౌసు వచ్చింది, అంతే తేడా. మా వైపు ఫ్లెక్సు లేకుండా ఏదీ జరగదు. పిల్లకు చెవులు కుట్టినా, ఇల్లు కట్టినా, మనిషి పోయినా, పోయి ఏడాదైనా ముందు ఫ్లెక్సు కట్టాలి, తర్వాతే మిగతావి. ఒకే ఇంటివాళ్ళు తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి వేయించుకున్న రోజులున్నాయి.

ఏటా ఢిల్లీలో దేశం మొత్తానికి సినిమా అవార్డులు ప్రకటిస్తారు. మా ఊళ్ళో మూడు భాషల హీరోలకూ అభిమాన సంఘాలున్నాయి. సాయంత్రం పేర్లు చదివితే, మర్నాడు తెల్లారేసరికి గెలిచినవాడి ఫ్లెక్సు మెయిన్ రోడ్డు మలుపులో ఉండాలి. ఆ మలుపులో చోటు ఒక్కటే. ఎవరు ముందు కడితే వాళ్ళది, తర్వాత వచ్చినవాడు దాన్ని విప్పకూడదు. ఇది ఎవరూ రాసి పెట్టకపోయినా అందరూ పాటించే కట్టుబాటు. కాబట్టి పేర్లు తెలిశాక డిజైను మొదలుపెడితే కుదరదు. ఎవరికొస్తుందో ముందే ఊహించి, ఫొటో కత్తిరించి, వెనకాల వెలుగు పెట్టి, అభినందనలు రాసి, ఫైలు సిద్ధం చేసుకోవాలి. ఆ ఊహించే పని నా నెత్తిన పడింది.

మొదటి ఏడాది నా ఊహ కుదిరింది. రెండో ఏడాదీ కుదిరింది. మూడో ఏడాది ఓనరు ఒక తెల్లబోర్డు కొనుక్కొచ్చి, "వారం ముందే పేర్లు రాసి పెట్టప్పా, జనం వచ్చి చూస్తారు" అన్నాడు. నిజంగానే వచ్చారు. పెండ్లి ఫ్లెక్సు కోసం వచ్చినవాళ్ళు కూడా బోర్డు ముందు నిలబడి వాదించుకునేవాళ్ళు. ఒక ఏడాది నేను రాసిన పేర్లన్నీ వరసగా నిజమయ్యాయి. లోకల్ కేబుల్ వాళ్ళు వచ్చి నన్ను మాట్లాడించి వెళ్ళారు. ఆ రోజు నుంచి నా నడకే మారిందని మా ఇంట్లోవాళ్ళు అంటారు.

ఇప్పుడు అసలు గుట్టు చెప్తాను. నేను ఆ సినిమాలేవీ చూడలేదు. చూడాల్సిన పనే లేదనుకునేవాణ్ణి. పోయిన ఏడాది ఏ భాషకు వచ్చిందో, ఎవరికి చాలా ఏళ్ళుగా రాలేదో, ఏ హీరో ఒళ్ళు తగ్గించుకున్నాడో, ఏ హీరోయిన్ రంగు పూసుకోకుండా నటించిందని పేపర్లు పొగిడాయో చూసేవాణ్ణి. గుడ్డివాడి వేషం కనబడితే కళ్ళు మూసుకుని ఆ పేరు రాసేవాణ్ణి. దానికి విద్య అని పేరు పెట్టుకుని తిరిగాను.

మా షాపులో ఫ్లెక్సులు పైకెక్కి కట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పూర్వం సినిమా హాళ్ళకు చేత్తో బొమ్మలు వేసిన మనిషి. ఫ్లెక్సు వచ్చి ఆయన పని తినేసింది, చివరికి ఆ ఫ్లెక్సులే కట్టే పనికి కుదిరాడు. నా బోర్డు చూసినప్పుడల్లా, "సినిమా చూడకుండా జాతకం చెప్పేది నిన్నొక్కణ్ణే చూస్తా ఉండా" అని నవ్వేవాడు. కడుపుమంటతో అంటున్నాడనుకునేవాణ్ణి.

ఒక ఏడాది మా వైపు మనిషికే అవార్డు వచ్చేలా కనిపించింది. ఉద్దనపల్లిలో గులాబీ తోటలో పనిచేసే ఆమె. కత్తెర పట్టుకుని పూలు కోసి, కట్టలు కట్టే పని. కృష్ణగిరికి చెందిన కుర్ర డైరెక్టరు ఒకతను మన ఇళ్ళల్లో మాట్లాడుకునే మాటలతోనే చిన్న సినిమా తీసి, అందులో ప్రధాన పాత్ర ఆమెకు ఇచ్చాడు. భర్త పోయిన ఆడమనిషి కథ. తాళి తీసే ఘట్టం ఒకటి ఉంది. పేపర్లన్నీ దాని గురించే రాశాయి.

ఆ సినిమా తీసేటప్పుడు ఆమె భర్త బతికే ఉన్నాడు. గులాబీ పెట్టెలు బెంగుళూరు మార్కెట్టుకు తోలే బండి డ్రైవరు. ఆమె తీసింది సినిమావాళ్ళు ఇచ్చిన పసుపుతాడు, అసలు తాళి రవికె లోపలే ఉంది. ఎండగా ఉందని భర్తే పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాడట. అది తీసిన మూడు నెలలకు, సూళగిరి దగ్గర టీ తాగుదామని బండి ఆపి, సీట్లోంచి దిగకుండానే గుండె ఆగి పోయాడు. ఇక చెప్పేదేముంది. కెమెరా ముందర తాళి తెంపింది, అందుకే మొగుడు పోయాడన్నారు. కావేరిపట్టణంలో ఉన్న మరిది వచ్చి, అంతవరకూ ఈమె దగ్గరే ఉన్న అత్తను తీసుకుపోయాడు. రవికె లోపల అసలు తాళి ఉందంటే ఎవరూ నమ్మలేదు, తెర మీద ఆమె అంత బాగా చేసింది మరి.

చివరి వరసలో ముగ్గురే మిగిలారనీ, వాళ్ళలో ఈమె ఒకతె అనీ పేపర్లో రాగానే బోర్డు మీద ఆమె పేరు రాశాను. చదువు లేదు, రంగు లేదు, తోటపని. నా లెక్కలన్నీ కుదిరాయి. రెండు రోజులకు ఆమే షాపుకు వచ్చింది. వేళ్ళ నిండా ముళ్ళు గీసిన గాట్లు, వాటిమీద ప్లాస్టర్లు.

"బోర్డు మీద పేర్లు రాసేది నువ్వేనా అన్నా?" అంది.

"నేనేనమ్మా. కూచో."

ఆమె కూర్చోలేదు. "నా పేరు రాసినావంట. తోటలో అందరూ చెప్తా ఉండారు. నిజంగా వస్తుందా, ఊరికే రాసినావా?"

"ఊరికే రాసే అలవాటు నాకు లేదు. ఏమి, నమ్మకం లేదా?"

"నమ్మకం సంగతి కాదన్నా. మా మరిది ఒక మాట అనిండాడు. ఢిల్లీవాళ్ళు అది యాక్టింగే అని రాసిస్తే నేనూ ఒప్పుకొంటా, అమ్మను తెచ్చి నీ ఇంట్లోనే దిగబెడతా, అన్న పోయి ఏడాదయ్యే దివసం కూడా ఆడే చేస్తాము అని నలుగురి ముందర అనినాడు. ఆ దివసం ఇంకా ఇరవై దినాలు ఉండాది. నువ్వు వస్తుందని చెప్తే, పేర్లు చదివే పొద్దు వాళ్ళను బువ్వకు పిలుస్తా. అందరూ కూచొని టీవీలో చూస్తారు. రాదంటే పిలవను. పిలిచినాక రాకపోతే నాకు ఆ గడప మళ్ళీ లేదన్నా. తెలిస్తే తెలుసు అను, తెలీకపోతే తెలీదు అను."

ఇంత స్పష్టంగా నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. షాపులో ఓనరు ఉన్నాడు, ఇంకో ఇద్దరు ఉన్నారు, అందరూ నా మొహమే చూస్తున్నారు. తెలీదు అనే మాట నాకు నోటిదాకా కూడా రాలేదు.

"పిలువమ్మా. నాది పూచీ," అన్నాను.

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. వెళ్తూ వెళ్తూ ఫోనులో భర్త ఫొటో ఉంటే పంపించింది. నేనే అడిగాను. అభినందన ఫ్లెక్సుల్లో పై మూలన, పోయిన పెద్దలను దండతో పెట్టడం రివాజు. ఆయనకు సరైన ఫొటో ఒక్కటీ లేదు. షూటింగులో ఎవరో తీసినదాంట్లో గొడుగు పట్టుకుని వెనక ఎక్కడో నిలబడి ఉన్నాడు. దాన్ని పెద్దది చేసి, మసక తీసేసి, పెదాల మీద ఉన్న కాస్త నవ్వు కనబడేలా తేల్చాను. రెండు రోజులు పట్టింది. నా మొత్తం సర్వీసులో అంత బాగా చేసిన పని ఇంకోటి లేదు.

ఆమె బొమ్మకు మాత్రం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సినిమావాళ్ళు పంపిన ఫొటోలో నుదురు బోసిగా ఉంది. అభినందన ఫ్లెక్సులో బోసి నుదురు ఉండకూడదని మా షాపులో పద్ధతి. ఏ ఆడమనిషి ఫొటో వచ్చినా చేయి దానంతటదే బొట్టు పెట్టేస్తుంది. ఈమెకూ పెట్టేశాను, అర్ధరూపాయి బిళ్ళంత, ఎర్రగా. పదకొండు నెలల కింద భర్త పోయిన మనిషి అని నాకు తెలుసు. ఆ భర్త ఫొటోకు దండ వేసిన చేతితోనే పెట్టాను. అయినా తట్టలేదు. షాపు ప్రచారం కోసం ఓనరు సొంతంగా వేయిస్తున్న ఫ్లెక్సు కాబట్టి ఆమెకు ముందుగా చూపించనూ లేదు.

పేర్లు ప్రకటించే రోజు పొద్దున ఓనరు కొత్త కబురు తెచ్చాడు. మేము ఫ్లెక్సు కట్టాలనుకున్న ఉద్దనపల్లి కూడలిలోనే మర్నాడు ఎవరిదో చెవులు కుట్టే ఫంక్షనట. "ఈ పొద్దు మధ్యాన్నానికి వాళ్ళు కట్టేస్తారు. మనకు చోటుండదు. ఇప్పుడే పోయి కట్టేయండి," అన్నాడు.

కట్టే పెద్దాయన నిచ్చెన తీయలేదు. "సాయంత్రం దాకా ఆగుదామప్పా," అన్నాడు.

"ఏల? నా మాట ఎప్పుడన్నా తప్పిందా?" అన్నాను.

"ఆ సినిమా నేను చూసినాను. కృష్ణగిరిలో వేసినారు. ఆ యమ్మ ఏమీ చేయలేదు, ఊరికే ఉండాది. చూసినాక నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు. అట్లా ఉండేదానికి అవార్డు ఇస్తారో లేదో నాకు తెలీదు. నీకూ తెలీదు."

"నీకు తెలీదని అందరికీ తెలీకుండా పోదులే," అన్నాను. ఆయన నిచ్చెన బండిమీద వేశాడు. నేనూ ఎక్కాను. స్వీటు పెట్టె కూడా కొనుక్కున్నాను.

పదకొండున్నరకు కట్టడం పూర్తయింది. పన్నెండడుగుల ఫ్లెక్సు. మేము నిచ్చెన దించుతుండగానే రాయకోట వైపు నుంచి బస్సు వచ్చి ఆగింది. కావేరిపట్టణం మరిది, తల్లి చేయి పట్టుకుని దిగాడు. వాళ్ళకు ఎదురుగా రావడానికి ఆమె కూడా అప్పుడే కూడలికి చేరింది. ముగ్గురూ ఒకేసారి తలెత్తి చూశారు.

మరిది ఫ్లెక్సు మొత్తం పైకి చదివాడు. ఉత్తమ నటి, మన ఊరికే గర్వకారణం, అన్నీ. తర్వాత ఆమె ముందుకు వచ్చి, "వచ్చేసిందా వదినా. నాదే తప్పయింది. నోరు జారినాను," అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, అది నటన కాదు. అన్నంటే ప్రాణం పెట్టినవాడట.

ఆమె నావైపు తిరిగింది. "ఇంకా..." అని ఏదో చెప్పబోయింది. నేను చేయి అడ్డంగా ఊపాను. సాయంత్రానికి ఎటూ వస్తుంది కదా, ఇప్పుడు చెప్పి ఏల చెడగొట్టడం అని. ఆమె ఆగిపోయింది. నా చేతిని నమ్మింది. అత్త మాత్రం ఫ్లెక్సును కిందినుంచి పైదాకా ఇంకోసారి చూసి, తలదించుకుని నడిచింది.

భోజనానికి నన్నూ కూర్చోబెట్టారు. రాగిసంగటి, చిక్కుడుగింజల పులుసు, అన్నం, పాయసం. మరిది అన్నగారి చిన్నప్పటి సంగతులు చెప్పి నవ్వించాడు. దివసానికి ఎవరెవరిని పిలవాలో అప్పుడే అనుకున్నారు. అత్తయ్య మంచం పాత గదిలోనే ఉందని ఆమె చెప్తే, ముసలామె ఊఁ అంది. ఆ గంటసేపు ఆ ఇంట్లో ఉన్నంత సంతోషం నేను నా ఇంట్లో కూడా చూడలేదు. దాన్ని తెచ్చిపెట్టింది నేనేనని పొంగిపోతూ రెండోసారి పాయసం వేయించుకున్నాను.

నాలుగు గంటలకు టీవీ పెట్టారు. "మళ్ళీ చెప్తారా?" అన్నాడు మరిది, ఏమీ తెలియక. నేను సౌండు పెంచాను. ఒక్కొక్క పేరూ చదువుతూ పోయారు. ఉత్తమ నటి దగ్గర ఎక్కడో ఉత్తరాది పేరు చదివారు. ఇద్దరికి కలిపి ఇస్తారేమోనని ఇంకో క్షణం చూశాను. ఇవ్వలేదు. ఆ చిన్న సినిమాకు అవార్డు రాకపోలేదు, వచ్చింది. కెమెరామెన్‌కు. తాళి తీసే ఘట్టాన్ని అద్భుతంగా చిత్రించినందుకని టీవీ అమ్మాయి చదివింది.

తర్వాత మరిది మెల్లగా లేచాడు. "మరి బయట కట్టింది ఏమిటికి వదినా? రాని అవార్డుకు పటం కట్టించుకొని మమ్మల్ని పిలిపించినావా? నాచేత తప్పయిందని చెప్పించుకొంటివే. ఇది కూడా యాక్టింగేనా?"

"నాకు తెలీదప్పా. వస్తుందన్నారని..." అంది ఆమె.

ముసలామె అప్పుడు నోరు విప్పింది. గట్టిగా అనలేదు. "బస్సు దిగతానే చూసినాను. చూసి కూడా బువ్వ తినినాను. నా కొడుక్కు దండేసి, పక్కన బొట్టు పెట్టుకొని నిలబడితివే. అవార్డు కోసరం సినిమావాళ్ళేమన్నా పెట్టమనిరేమో అనుకొంటి. అది కూడా లేకపాయె."

ఆ మాట పడ్డాక ఆమె నావైపు చూసింది. ఆ బొట్టును ఆమె కూడా కూడలిలోనే మొదటిసారి చూసింది. అది పెట్టింది నేను. ఆ ఒక్కమాట చెప్తే చాలు. అవార్డు నా చేతిలో లేదు సరే, ఈ మాట నా నోట్లోనే ఉంది. నేను టీవీ వైపు చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతోనో భయంతోనో ఇప్పటికీ చెప్పలేను. ఆమె కూడా నా పేరు చెప్పలేదు. తల్లీకొడుకులు బయల్దేరితే తలుపు దాకా వెంట వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. పిల్లల్లారా, ఇరవై రెండేళ్ళలో తప్పు పేర్లు వేశాను, ఫొటోలు తారుమారు చేశాను, పోయినవాడి ఫ్లెక్సులో బతికున్నవాడి బొమ్మ వేసి తన్నులు తినబోయాను. అవన్నీ పనిలో వచ్చే తప్పులు. ఇది అలాంటిది కాదు.

ఆ సాయంత్రమే కట్టే పెద్దాయన ఫ్లెక్సు దించాడు. తాళ్ళు విప్పి, ఆమె మొహం లోపలికి వచ్చేలా చుట్టి, బండిలో పెట్టాడు. మేము కూడలి దాటకముందే చెవులు కుట్టేవాళ్ళు ఆ చోట్లో తమది కట్టేశారు.

రెండు రోజులకు కావేరిపట్టణం వెళ్ళాను. మరిది మామిడికాయల మండీలో పనిచేస్తాడు. బొట్టు పెట్టింది నేనే, ఫ్లెక్సు కట్టింది మేమే, ఆమెకు ఏమీ తెలియదు అని మొత్తం చెప్పాను. అతను గంపలు సర్దడం ఆపకుండానే విన్నాడు.

"ఈ మాట ఆ పొద్దు ఆడే ఏల చెప్పలేదు నువ్వు?"

"నోరు రాలేదప్పా."

"మూడో దినానికి వచ్చిందా? లేకపోతే ఇది కూడా ముందే తయారుచేసి పెట్టుకొనుంటిరా?" అన్నాడు. ఆ తర్వాత ఇంక నా మొహం చూడలేదు. అతన్ని తప్పు పట్టలేను. నా వృత్తే అది కదా, జరగనిదాన్ని జరిగినట్టు ముందే తయారుచేసి పెట్టడం.

తిరిగి వచ్చి బోర్డు తుడిచేశాను. మరుసటి ఏడాది ఓనరు ఎంత బతిమాలినా రాయలేదు. వేరేవాళ్ళను రాయమంటే వాళ్ళూ రాయలేదు.

ఫ్లెక్సు దించిన పది రోజుల తర్వాత ఆమె మళ్ళీ షాపుకు వచ్చింది. నన్ను తిట్టడానికేమో అనుకుని లేచి నిలబడ్డాను. "ఆ ఫ్లెక్సు ఉండాదా అన్నా, పారేసినారా?" అని అడిగింది. ఉందన్నాను. "దాంట్లో ఆయన ఫొటో వరకు కత్తిరించి ఇయ్యి. అంత బాగా ఆయన యాడా లేడు." కొత్తగా వేసి, ఫ్రేము కట్టించి ఇస్తానన్నాను. వద్దంది. నేల మీద ఫ్లెక్సు పరిచి, కత్తితో పై మూల కోశాను. మిగిలినదాంట్లో ఆమె మొహం, నేను పెట్టిన బొట్టు. వాటివైపు ఆమె చూడలేదు. "దివసం నేనే చేసుకొంటా ఉండా. నువ్వు రా అన్నా. ఆయన్ను ఇంత బాగా చేసినావు," అని చెప్పి వెళ్ళింది.

వెళ్ళాను. కట్టే పెద్దాయన కూడా నాతో వచ్చాడు. గోడకు ఆ ఫ్లెక్సు ముక్కను నాలుగు మేకులతో కొట్టి, తోటలోంచి తెచ్చిన గులాబీల దండ వేసింది. ముందర ఆకు వేసి ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించింది. మాకు రెండు ఆకులు వేసింది. వాటి పక్కన ఇంకో రెండు వేసి నీళ్ళు చల్లింది. అవి ఎవరికని మేము అడగలేదు. కావేరిపట్టణంలో వాళ్ళు వేరేగా దివసం పెట్టుకున్నారని ఊరంతా తెలుసు, ఆమెకూ తెలుసు. రాయకోట బస్సు ఒకటి వచ్చి పోయింది. గంటకు ఇంకోటి వచ్చి పోయింది. ఆమె రెండుసార్లూ గడప దాకా వెళ్ళి చూసి వచ్చింది.

రెండో బస్సు పోయాక నాకెదురుగా కూర్చుంది. "అన్నా, వస్తారంటావా?" అంది.

గోడ మీద ఆయన నవ్వుతున్నాడు. వస్తారమ్మా అనడానికి నా నాలుక ఇంకా అలవాటు పడే ఉంది, దాన్ని ఆపుకోవలసి వచ్చింది.

"తెలీదమ్మా," అన్నాను.

ఆమె మొహంలో కోపం లేదు, ఏమీ లేదు.

"ఆ పొద్దు కూడా ఈ మాటే చెప్పింటే సరిపోతా ఉండె కదన్నా," అంది. తర్వాత లేచి మా ఇద్దరి ఆకుల్లో అన్నం వడ్డించింది.